ఉగాది నుంచి మృగశిర దాకా

తెలుగు ఇళ్లలో వేసవి ఉగాదితో మొదలై మృగశిర కార్తెతో ముగుస్తుంది. క్యాలెండర్ ప్రకారం చూస్తే మార్చి చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు. ఏడాదిలో ఒళ్లు అలసిపోయే కాలం ఇదే, ఏడాదంతా ఎదురుచూసే ఇష్టాలు ఎక్కువగా ఉన్న కాలమూ ఇదే. ముంజలు, మల్లెలు, రసాలు, కొత్త ఆవకాయ, కుండలో నీళ్లు, డాబా మీద పడక ఈ రెండున్నర నెలల సొత్తు. వీటిలో కొన్ని ఎండ ఉంటేనే తయారవుతాయి, కొన్ని ఎండకు ఓర్చుకోవడానికి మనుషులు కనిపెట్టుకున్నవి. ఎండ లేకపోతే మాత్రం రెండు రకాలూ లేవు.

ఉగాది పచ్చడిలో పడేవన్నీ ఆ పక్షం రోజుల్లో చెట్ల మీద, అంగళ్లలో కొత్తగా కనిపించేవే. వేపపువ్వు అప్పుడే పూస్తుంది, మామిడి అప్పుడే పిందె స్థాయి దాటుతుంది, చింతపండు, బెల్లం కొత్తవి వస్తాయి. తొమ్మిదో రోజున శ్రీరామనవమి. ఆ రోజు పందిళ్లలో పంచే పానకం బెల్లం నీళ్లలో మిరియాల పొడి, యాలకుల పొడి కలిపి చేసేది. చెమటతో ఒంట్లోంచి నీరు పోయే కాలానికి అంతకంటే తగిన తీర్థం లేదు. వడపప్పు కూడా పొయ్యి వెలిగించే పని లేనిదే, పెసరపప్పు నానబెడితే చాలు.

చింతపండు ముచ్చట ఇంకొంచెం ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్లు దులిపి, కాయల పైపెచ్చు తీసి, గింజ కొట్టి, ఈనెలు లాగి, ఏడాదికి సరిపడా చింతపండు కుండలకెత్తడం పల్లెల్లో పెద్ద పని. ఉప్పు చల్లి ముద్దలు కట్టి దాస్తారు. రాలిన గింజలు మాత్రం పిల్లల పాలవుతాయి. సెలవుల్లో మధ్యాహ్నం బయటికి వెళ్లనివ్వరు కాబట్టి, నీడపట్టున కూర్చుని ఆడే ఆటలన్నిటికీ ఆ గింజలే సరంజామా. వామనగుంటల పీటకు రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలుంటాయి. గుంటకు ఇన్నని గింజలు వేసి, ఒక గుంటలోవి తీసి వరసగా పంచుకుంటూ వెళ్లాలి. ఆట చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఏ గుంట ఎత్తితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టగలిగినవాళ్లే గెలుస్తారు. అష్టాచెమ్మాకు అయిదు నిలువు, అయిదు అడ్డం గళ్లు నేల మీద సుద్దతో గీస్తే సరి. నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. గవ్వలు లేని ఇంట్లో చింతగింజను ఒకవైపు బండకు అరగదీసి తెల్లటి ముఖం తేలేలా చేస్తారు. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు ఉన్న ఆ అరగింజ గవ్వ పని చక్కగా చేస్తుంది. పిల్లలకు కూడిక నేర్పడానికి ఇంతకంటే మంచి పలకలు బళ్లలో కూడా తక్కువే.

ఏప్రిల్ వచ్చేసరికి పూల అంగళ్లలో మల్లెలదే రాజ్యం. బొండుమల్లె, గుండుమల్లె అని పిలిచే పువ్వు ఎండ ముదిరినకొద్దీ విరగబూస్తుంది. దాని వెనుక రైతు చేసే పని చలికాలంలోనే మొదలవుతుంది. తోటకు నీరు కట్టడం ఆపి, ఆకు రాలేదాకా వాడబెట్టి, పొదలను కత్తిరిస్తారు. ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే కొత్త చిగుళ్లు వస్తాయి, మొగ్గలు వచ్చేది ఆ చిగుళ్లకే. ఎన్టీఆర్ జిల్లా మైలవరం చుట్టుపక్కల మల్లెతోటలకు చాలాకాలంగా పేరుంది. మొగ్గలను తెల్లవారకముందే కోయాలి. ఎండెక్కాక కోస్తే బజారు చేరేసరికి వాడతాయి, సాయంత్రం దాకా ఆగితే చెట్టు మీదే విచ్చుకుంటాయి. చీకట్లోనే తోటలోకి దిగి, వంగిన నడుము ఎత్తకుండా గంటల తరబడి కోసే ఆడవాళ్ల కష్టం మీదే ఆ పూట బజారంతా నడుస్తుంది.

మల్లె రాత్రి విచ్చుకోవడానికి కారణం ఉంది. తెల్లటి రంగు, గాఢమైన పరిమళం రాత్రిపూట తిరిగే చిమ్మటలను పిలవడానికే. అందుకే మొగ్గలో లేని వాసన సంధ్య వేళ రేకులు విడుతుండగా మొదలై, రాత్రి పెరుగుతుంది. పూలమ్మే ఆమె ఎడమ చేతి వేళ్ల మధ్య రెండేసి మొగ్గలను ఎదురెదురుగా పెట్టి, తడిపిన అరటినారను కుడిచేత్తో ఒక చుట్టు చుట్టి ముడి బిగించి, కళ్లెత్తి బేరం ఆడుతూనే మూర పూర్తి చేస్తుంది. నార బిగువు ఎక్కువైతే కాడ తెగుతుంది, వదులైతే మొగ్గ జారిపోతుంది. దండ కొన్న వేళకు మొగ్గలుగానే ఉండి, ఇంటికి చేరాక విచ్చుకుంటేనే బేరం సరైనట్టు.

మంచినీళ్ల కుండ ప్రతి ఊళ్లోనూ ఒకేలా చల్లబడదు. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి ఊరి, గాలికి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి, ఆ వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని జోరుగా సాగుతుంది కాబట్టి కర్నూలులో, కరీంనగర్‌లో కుండనీళ్లు చల్లగా ఉంటాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి అదే కుండ అంత చల్లబరచదు. ఒంటి చెమట విషయంలోనూ అంతే. కోస్తాలో ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉన్నా ఉక్కపోత మనిషిని ఎక్కువ అలసటకు గురిచేస్తుంది. తడిపిన వట్టివేళ్ల తడకలు, ఎయిర్ కూలర్లు తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో బాగా పనిచేసి, తీరప్రాంతంలో తేలిపోవడానికి కారణం కూడా ఇదే. రాయలసీమ నన్నారి షర్బత్, నానబెట్టిన సబ్జా గింజలు, ఉల్లిపాయ నంజుకుని తాగే రాగి అంబలి, కరివేపాకు, అల్లం వేసిన పల్చటి మజ్జిగ ఈ కాలపు దాహాన్ని తీర్చేవి. వీటిలో మజ్జిగను మించింది లేదు. ఉప్పు, నీరు కలిసి వెళ్తాయి, ఖర్చు తక్కువ, చలివేంద్రంలో వందల మందికి పోయవచ్చు.

చలివేంద్రం ఉత్త ధర్మకార్యం కాదు, ప్రాణాలు నిలిపే ఏర్పాటు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా నమోదైతే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. పల్నాడులోని రెంటచింతల ఏటా వార్తలకెక్కేది ఇలాంటి రోజుల్లోనే. వేసవి ఇష్టాలన్నీ నీడపట్టున ఉండగలిగినవాళ్లకే అందడం న్యాయం కాదు. పనివేళలు పొద్దున్నకు మార్చడం, పనిచోట నీళ్లు, నీడ పెట్టడం ఎండలో కూలికి వెళ్లేవాళ్లకు దయతో ఇచ్చేవి కావు, ఇచ్చి తీరాల్సినవి.

ముంజలు ఏప్రిల్ మధ్యలో రోడ్ల పక్కకు వస్తాయి. తాటిలో ఆడ, మగ చెట్లు వేర్వేరు, కాయ కాసేది ఆడచెట్టే. కల్లు గీసే చెట్టుకు గెలను లేతగా ఉండగానే కోత పెట్టి గీస్తారు కాబట్టి ఆ గెలకు కాయలుండవు. అంటే కల్లూ ముంజలూ ఒకే గెల నుంచి రెండూ రావు. కాయ పైభాగాన్ని అమ్మేవాడు వాలుగా ఒక్క వేటు వేస్తే లోపల సాధారణంగా మూడు కళ్లు కనబడతాయి. మూడింట్లో మూడు ముంజలు. ఆ కంటిలోకి బొటనవేలు దూర్చి తిప్పితే లేత ముంజ చిట్లకుండా బయటికొస్తుంది. పైనున్న గోధుమరంగు పొట్టు వగరు, దాన్ని గోటితో ఒలిస్తే మంచులా మెరిసే గుజ్జు, దాని మధ్య చిటికెడు నీళ్లు. కొరికితే ఆ నీళ్లు గడ్డం మీదికి జారకుండా తినడం పిల్లలకు పందెం. లేతదైతేనే ఈ సుఖం. వారం ఆలస్యమైతే ముదిరి గట్టిపడుతుంది, తిన్నవాళ్లకు కడుపునొప్పి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు కాయ రంగు చూసి కాదు, కోసిన కంటిని వేలితో నొక్కి చూసి కొంటారు.

చెట్టున వదిలేసిన కాయ వర్షాకాలానికి పండి, నారింజరంగు గుజ్జుతో తాటిపండవుతుంది. ఆ టెంకలను మట్టిలో పాతరేస్తే చలికాలానికి తేగలు, వాటి టెంకల్లో బుర్రగుంజు. ముంజలు తీసేసిన బుర్రలు రెంటిని పుల్లతో కలిపి, పంగల కర్ర తగిలిస్తే పిల్లలకు బండి. ఒక చెట్టు ఇన్ని రకాలుగా అక్కరకొస్తున్నా, దాన్ని ఎక్కేవాళ్ల బతుకు ప్రమాదంలోనే ఉంది. మోకు, ముత్తాదులే ఆధారంగా చెట్టెక్కే గీత కార్మికులు పడిపోయి చనిపోవడం, నడుం విరిగి మంచాన పడడం ఏటా జరుగుతూనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో పట్టీలు, తాళ్లున్న భద్రతా సామగ్రిని గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. ఇది చాలా ముందే జరగాల్సిన పని.

మామిడి దగ్గరికి వస్తే తెలుగువాళ్లలో రెండు పక్షాలున్నాయి. కోసుకుని తినేవాళ్లది బంగినపల్లి పక్షం, పిసికి రసం పీల్చేవాళ్లది రసాల పక్షం. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె పేరుతో చెలామణి అయ్యే బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పీచు లేదు, టెంక పల్చన, తొక్క పసుపు, నిలవ ఎక్కువ. అమెరికా 2007లో భారతీయ మామిడిని వికిరణ ప్రక్రియ తర్వాత మళ్లీ అనుమతించినప్పటి నుంచి అక్కడి తెలుగువాళ్లకు కూడా అది అందుతోంది, ధర మాత్రం మండిపోతుంది. రసాలకు నూజివీడు పెట్టింది పేరు. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం అన్నీ అక్కడివే. వీటికి పీచుంటుంది కాబట్టి కోసి తినలేరు. అరచేతుల మధ్య నెమ్మదిగా నలిపి, తొడిమ దగ్గర చిన్న చిల్లు పెట్టి, మొదటి చుక్క జీడి పిండేసి నోట్లో పెట్టుకోవాలి. ఉత్తరాంధ్రలో ఎర్రటి బుగ్గల సువర్ణరేఖ ముందుగా వస్తుంది. హైదరాబాద్‌లో హిమాయత్‌కు ఉన్న గౌరవం వేరు. చిత్తూరు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. తినే పండుగా చూస్తే పెద్దరసాన్ని మించింది లేదనడానికి సాహసం అక్కర్లేదు. అది ప్రయాణానికి ఆగదు కాబట్టే దూరప్రాంతాల్లో దాని పేరు వినిపించదు.

మామిడి చెట్టు నుంచి కోశాక కూడా పండే కాయ. ఇథిలీన్ అనే వాయువును కాయ తానే పుట్టించుకుంటుంది, దాని ప్రభావంతో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది. గడ్డిలో మాగబెట్టడమంటే ఆ వాయువును చెదరకుండా కాయల చుట్టూ నిలపడమే. కాల్షియం కార్బైడ్ వాడితే ఎసిటిలీన్ వాయువు వచ్చి తొక్క ఒక్కరోజులో పసుపు రంగుకు తిరుగుతుంది గానీ లోపల పండదు. పైగా అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. చట్టం దాన్ని నిషేధించింది, ఇథిలీన్ గదుల్లో మాగబెట్టడాన్ని మాత్రం హద్దుల్లో అనుమతించింది. ఒళ్లంతా ఒకే పసుపు ఉండి, తొడిమ దగ్గర వాసన లేని పండును అనుమానించాల్సిందే.

ఈ కాలానికి ఆయువుపట్టు ఆవకాయ. మిగతావి తినిపోయే ఇష్టాలు, ఇది ఏడాది సాగేది. మే నెలలో కాయ టెంక కట్టాక, తొలకరి పడకముందు, ఉన్న ఆ మూడు నాలుగు వారాల్లోనే పెట్టాలి. టెంక కట్టని కాయ ముక్క మెత్తబడి ఊటలో కలిసిపోతుంది. వాన తడి తగిలిన కాయ నిలవ ఉండదు. పులుపు, గట్టిదనం రెండూ ఉన్న నాటు రకాలు, జలాలు, చిన్నరసాలు, గోదావరి వైపు కొత్తపల్లి కొబ్బరి ఇందుకు వాడతారు. బజార్లో కాయలు కొన్న చోటే పెద్ద కత్తితో ముక్కలు కొట్టిచ్చేవాళ్లుంటారు. ప్రతి ముక్కకూ టెంక పెచ్చు అంటి ఉండేలా కొట్టడంలోనే వాళ్ల నేర్పు. ఇంటికొచ్చాక జీడి తీసి, టెంకకు లోపల అంటుకున్న పల్చటి పొరను గోటితో లాగి, ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి. ఇది విసుగు పుట్టించే పని. అయినా ఆ పొర మిగిలితే, తడి మిగిలితే, ఏడాది కష్టం బూజు పాలవుతుంది.

ఆవపిండి, కారం, ఉప్పు మూడింటి కొలత ఇంటింటికీ మారుతుంది. ఆవపిండి, కారం సమానంగా, ఉప్పు కాస్త తగ్గించి వేయడం చాలా ఇళ్లలో లెక్క. మెంతులు, వెల్లుల్లి, శనగలు ఇష్టాన్ని బట్టి. కోస్తాలో నువ్వుల నూనెను కాచకుండానే పోస్తారు, కొన్నిచోట్ల, ముఖ్యంగా తెలంగాణలో, నూనె కాచి చల్లార్చి అల్లం వెల్లుల్లితో కలిపే పద్ధతి ఉంది. పిండి కలిపిన పళ్లెంలో ముక్కలు పొర్లించి, నూనెలో ముంచి జాడీలో వేస్తూ, పైన మిగిలిన పిండి చల్లి, వాసెన కడతారు. మూడో రోజు విప్పి తిరగ కలపాలి. అప్పటికి ఉప్పు ముక్కలోని నీటిని లాగి ఊట దిగి ఉంటుంది. నూనె చాలకపోతే ఆ రోజే పోస్తారు, ముక్కల మీద నూనె తేలి ఉండాలి. ఆ రోజు జాడీ అడుగున మిగిలిన పిండిలో వేడన్నం కలిపి ఇంటిల్లిపాదికీ ముద్దలు పెట్టడం ఆవకాయ పెట్టిన శ్రమకు మొదటి ఫలం.

ఆవకాయ పాడవకపోవడానికి నాలుగు కాపలాలున్నాయి. ఉప్పు సూక్ష్మజీవులకు కావలసిన నీటిని అందకుండా చేస్తుంది. మామిడి పులుపు వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. నాలుగోది ఆవ. ఆవగింజలో ఘాటు ముందే ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు లోపల విడివిడిగా ఉన్న సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ కలుస్తాయి. అప్పుడు పుట్టే ఘాటైన నూనెకు బ్యాక్టీరియాను, బూజును అణచే గుణం ఉంది. ముక్కుకెక్కే ఆ ఘాటు రుచికే కాదు, రక్షణకు కూడా. ఆవపిండి ఎప్పటికప్పుడు కొట్టిందే వాడాలనడంలో ఉన్న విజ్ఞానం ఇదే, ఏనాడో కొట్టి పెట్టిన పిండిలో ఆ శక్తి సగం పోతుంది. మాగాయ, తొక్కుపచ్చడి, మెంతికాయ, పెసరావకాయ, బెల్లపావకాయ అన్నీ ఈ సూత్రం చుట్టూ తిరిగేవే. మాగాయకు మాత్రం ఎండ అదనపు సాయం. ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, మళ్లీ ఊటలో వేస్తారు.

అదే ఎండలో డాబాల మీద వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఆరతాయి. సగ్గుబియ్యం వడియాలకు వాడే సగ్గుబియ్యం కర్రపెండలం దుంపల పిండితో చేసేదే, సామర్లకోట, పెద్దాపురం వైపు దాని మిల్లులున్నాయి. తెల్లవారుజామున పిండి ఉడికించి, ఎండ చురుక్కుమనేలోగా తడిగుడ్డ మీద గరిటెతో పెట్టేస్తే, సాయంత్రానికి పైపొర ఆరుతుంది, మర్నాడు గుడ్డ వెనక నీళ్లు చల్లి ఒలిచి తిరగేస్తారు. గోదావరి జిల్లాల్లో మామిడి తాండ్ర కూడా అంతే, చాపల మీద రసం పూత పోసి, ఆరిన పొర మీద మరో పొర పోస్తూ పోతారు. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ మెట్లెక్కాల్సిందే.

రాత్రి డాబా మీద పడకలు ఇప్పుడు పట్టణాల్లో తగ్గాయి. అపార్ట్‌మెంట్లు, ఏసీలు, దోమలు అన్నీ కారణాలే. పోయింది నిద్ర ఒక్కటే కాదు, నక్షత్రాల పరిచయం కూడా. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. దాని తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, పక్కనే సన్నగా అరుంధతి. కళ్లు బాగున్నవాళ్లకే రెండూ విడిగా కనిపిస్తాయి, ఆ జంట మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ తోక వంపునే పొడిగించుకుంటూ పోతే నడినెత్తి దగ్గర నారింజరంగులో స్వాతి, ఇంకా దక్షిణానికి తెల్లగా చిత్త. ఆగ్నేయాన పైకి వచ్చే ఎర్రటి చుక్క జ్యేష్ఠ. చైత్ర పున్నమికి చంద్రుడు చిత్త దగ్గర, జ్యేష్ఠ పున్నమికి జ్యేష్ఠ దగ్గర కనిపిస్తాడు. పంచాంగంలోని వేసవి నెలలను మంచం మీద పడుకుని ఆకాశంలో సరిచూసుకోవచ్చు. పిల్లలకు దీన్ని చూపించడానికి పరికరాలేవీ అక్కర్లేదు, వీధి దీపాలకు కాస్త దూరంగా వెళ్తే చాలు.

మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలో ప్రవేశిస్తాడు. రోళ్లు పగిలే ఎండలని పేరుపడ్డ రోహిణి కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. జూన్ 8 అటూ ఇటుగా మృగశిర. రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళ తాకి, వారం పదిరోజుల్లో తెలుగు నేలకు వస్తాయి కాబట్టి కార్తె లెక్కకు, మబ్బు రాకకు చాలావరకు పొత్తు కుదురుతుంది. మృగశిర మొదలయ్యే రోజు తెలంగాణలో చేపల కూర తినడం ఆనవాయితీ. హైదరాబాద్ రాంనగర్ మార్కెట్‌లో తెల్లవారకముందే కొరమేనుల కోసం జనం కిక్కిరుస్తారు. చేపలు తిననివాళ్లు ఇంగువ, బెల్లం కలిపి తింటారు. అప్పటికి ముంజలు ముదిరి, మల్లెల పూత పలచబడి, మామిడిలో నీలం, తోతాపురి లాంటి ఆలస్యపు రకాలే మిగులుతాయి.

ఆవకాయ జాడీలు మాత్రం అప్పుడే పనిలోకి దిగుతాయి. జూన్ నుంచే హాస్టళ్లకు, ఆగస్టులో అమెరికా చదువులకు వెళ్లే పిల్లల పెట్టెల్లోకి పచ్చడి సర్దడం మొదలవుతుంది. నూనె కారకుండా మందపాటి కవరులో పోసి, మూతి వేడితో అతికించి, దాని మీద మరో కవరు వేస్తారు. విమానంలో చేతిసంచిలో కాకుండా కిందికి పంపే పెట్టెలోనే పెట్టాలి. ఇంట్లో మిగిలిన జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీకి తడి గరిటె తగలనివ్వకపోతే, వచ్చే ఉగాదికి కూడా ముక్క గట్టిగానే ఉంటుంది.